కరిగే గాజు చూపిన సారు

"సారు పోయినాడక్కా."

పులివెందుల నుంచి తమ్ముడు ఫోన్లో అన్నది ఆ ఒక్క మాటే. పదకొండు దాటి పది నిమిషాలైంది. ఆ సమయాన్ని గోడ క్యాలెండరు మీద రాశాను. చేతికి ఏదో ఒక పని కావాలి కాబట్టి రాశాను. తర్వాత పొయ్యి ఆర్పి కింద కూర్చున్నాను. గోడకు ఆ పక్కనే సారు ఇల్లు. దాని తాళంచెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది.

సారు తమ్ముని అరటితోటలో పది రోజులుండి వస్తానని వెళ్ళారు. ఎనిమిదో రోజు పొద్దున సంగటి తిని, మోటరు గది ముందు కుర్చీ వేయించుకుని, కాలవలో నీళ్ళు పారుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి అట్లాగే పోయారట. "గొంతు కూడా ఎత్తలేదక్కా. ఆ మనిషి అరవకుండా చేసిన పని ఇదొకటే," అని తమ్ముడు కాసేపటి తర్వాత మళ్ళీ ఫోన్ చేసి ఏడ్చాడు.

సారు జ్ఞాపకంగా వేస్తున్న ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామంది ప్రొద్దుటూరులో ఆయన దగ్గర కెమిస్ట్రీ చదువుకున్నవాళ్ళే. ఆయన విసిరిన డస్టరు మీ వీపులకు గుర్తుండే ఉంటుంది. నేను ఆయన విద్యార్థిని కాను. ఇంటరుతో చదువు మానేసి సంసారంలో పడినదాన్ని. పంతొమ్మిదేళ్ళు ఆయన పక్కింట్లో ఉన్నాను. నేను రాయబోయేది మీకెవరికీ తెలియదు. బతికుండగా చెప్పొద్దన్నారు. "నేను పోయినాక రాయమ్మా. పొగడొద్దు. ఏది ముందు జరిగిందో అది ముందు, ఏది వెనక జరిగిందో అది వెనక. నీకు వరస తెలుసు," అన్నారు. అందుకే రాస్తున్నాను.

సారు ఎడమచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. కాలేజీ ల్యాబులో యాసిడ్ బుడ్డి పగిలి పోయాయని అందరం అనుకున్నాం. ఆయన అవుననలేదు, కాదనలేదు. అదే చేతికి బొటనవేలి కింద కందిగింజంత గడ్డ ఉండేది. ఏదైనా ఆలోచించేటప్పుడు కుడి బొటనవేలితో దాన్ని నొక్కుకునేవారు. నొప్పికి ముఖం చిట్లించేవారు. మళ్ళీ నొక్కుకునేవారు. ఇంట్లో ఒక్క గాజు గ్లాసు ఉండేది కాదు, అన్నీ స్టీలువే. వీధిలో పగిలిన బుడ్డి కనపడితే ఎంత తొందర పనిలో ఉన్నా వంగి, పెంకులన్నీ కాగితంలో ఏరి, పెరట్లో గుంత తీసి పూడ్చేవారు. ఇల్లాలు పోయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు. కోపం మాత్రం ఇంటినిండా ఉండేది. పాలు పలచగా ఉంటే చెంబు గోడకు తగిలేది. కరెంటు పోతే తలుపు తన్నేవారు. మా వీధి పిల్లలు ఆయన ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టేవాళ్ళు కాదు.

మా పుట్టిల్లు జమ్మలమడుగు దగ్గర పల్లె. పొలం గట్టు విషయంలో దాయాదులతో తగాదా ఉండేది. మూడున్నరేళ్ళ కింద ఒక సాయంత్రం మా తమ్ముడు బైకు మీద ఇంటికి వస్తుంటే మా పెదనాన్న కొడుకు నాటుబాంబు వేశాడు. వరసకు మాకు అన్న. చిన్నప్పుడు ముగ్గురం ఒకే తట్టలో తిన్నవాళ్ళం. బాంబు బైకు కింద పేలింది. కింద పడిన తమ్ముణ్ణి వాడూ వాడి వెంట వచ్చినవాళ్ళూ ఇనుప గడారితో మోకాలి కింద మూడు దెబ్బలు వేసి, చచ్చాడనుకుని పోయారు.

నేను ఆసుపత్రికి చేరేసరికి వాణ్ణి ఇంకా బల్ల మీదే పెట్టుకుని ఉన్నారు. చర్మం చీరి ఎముక బయటికి పొడుచుకొచ్చింది. తల వెంట్రుకల్లో గాజు. నేను నా కొంగుతో తుడుస్తుంటే నా వేళ్ళు కూడా తెగాయి. నాటుబాంబులో మందుతో పాటు గాజుపెంకులు, మొలలు కూరుతారని మా సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియడం వేరు, తమ్ముని కాల్లోంచి ఒక్కొక్క పెంకునూ పట్టుకారుతో తీసి ట్రేలో వేస్తుంటే ఆ టింగుమనే చప్పుడు వినడం వేరు.

తీసిన పెంకులన్నీ ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇమ్మని తమ్ముడు డాక్టరును అడిగాడు. నా చేత లెక్కపెట్టించాడు.

"ఎన్నిక్కా?"

"ఇరవై మూడు."

"ఇరవై మూడూ వాని ఒంట్లోకి దించుతా. ఒక్కటి తగ్గినా నేను మా నాయనకు పుట్టలే."

ఆ డబ్బా తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు.

ఎముకకు రాడ్డు వేశారు. గాయం పైకి మానింది గానీ లోపల మానలేదు. ఎముకలో చీము పట్టింది. రాడ్డు తీశారు, మళ్ళీ కోశారు, మళ్ళీ కట్టారు. పద్నాలుగు నెలలు ఆ కాలు కారుతూనే ఉంది. వాసనకు వాడికే వాంతి వచ్చేది. చివరికి డాక్టరు రెండు దారులు చెప్పాడు. ఒకటి, మోకాలి కింద తీసేయడం. రెండు, కుళ్ళిన ఎముకను తొలిచేసి ఆ గుంతలో ఒక రకం గాజు గుళికలు నింపడం. ఆ గాజు ఒంట్లో నెమ్మదిగా కరుగుతుందని, దాని చోట ఎముక పెరుగుతుందని చెప్పాడు.

గాజు అనే మాట వినగానే తమ్ముడు చేతికందిన స్టీలు చెంబు విసిరాడు. డాక్టరు చెవి పక్కనుంచి పోయి కిటికీకి తగిలింది.

"గాజు తీయడానికి పద్నాలుగు నెలలుగా కోస్తాండావు. మళ్ళీ గాజే పెడతానంటావా? నువ్వు యావూరోనివి? వాడు ఎంత ఇచ్చినాడు నీకు?"

ఆ డాక్టరు సారు శిష్యుడే. చెంబు పక్కకు జరిపి నాతో మెల్లగా, "సారు మీ పక్కిల్లే కదా. ఒకసారి ఆయనతో చెప్పించండి," అన్నాడు. ఇంకో రోగికి వాడగా మిగిలిన గుళికలు చిటికెడు ఒక చిన్న బుడ్డిలో పోసి ఇచ్చాడు.

సారు ఆ బుడ్డిని వెలుతురులో తిప్పి చూశారు. చాలాసేపు ఆ గడ్డ నొక్కుకున్నారు. "చెప్తే నమ్మడు. చూపియ్యాల," అన్నారు.

అప్పుడే మా అమ్మ ఊరి నుంచి వచ్చి ఆయన గడప ముందు కూలబడింది.

"సామీ, నీకు దండం పెడతా. వానికి చూపియ్యొద్దు. కాలు తీసేయనీ. కుంటోడైతే ఇంట్లో పడుంటాడు, నా కళ్ళ ముందర ఉంటాడు. కాలొస్తే పోయి నరుకుతాడు. లేదంటే వాడే నరికించుకుంటాడు. నాకు కాలొద్దు సామీ, కొడుకు కావాల."

సారు స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చారు. మా అమ్మ వెళ్ళిపోయాక నాతో, "ఆమె చెప్పింది తప్పు అనడానికి నా దగ్గర ఏమీ లేదమ్మా," అన్నారు. కాసేపటికి లేచి, "అయినా రోగం ఉన్న కాలును రోగం కోసం తీయాల. భయం కోసం తీయకూడదు," అని కాలేజీకి పోయి లవణాల పొట్లాలు తెచ్చారు.

ఒంట్లో నెత్తురులోంచి కణాలు తీసేస్తే మిగిలే నీటిలో ఏ ఉప్పులు ఎంత ఉంటాయో, అవే అంతంత కలిపి అలాంటి నీళ్ళు తయారుచేయడం ఆ పని. మా ఇంట్లో గ్యాసు బండ మార్చిన రోజు, ఆవకాయ కలిపిన రోజు, దోమతెర ఉతికిన రోజు కూడా నేను క్యాలెండరులో రాస్తానని ఆయనకు తెలుసు. అందుకే నోటుపుస్తకం నాకిచ్చారు. పొట్లాల మీద ఒకటి నుంచి నంబర్లు వేసి, "నేను స్నానం చేసి వస్తా. ముట్టుకోవద్దు," అన్నారు.

నేను ముట్టుకున్నాను. ఆయనకు పని తగ్గిద్దామని. ఉప్పులే కదా, సాంబారులో ఉప్పు ముందేస్తే ఏమి, పులుసు ముందేస్తే ఏమి అనుకున్నాను. కాల్షియం పొట్లం, సోడా పొట్లం, ఫాస్ఫేట్ పొట్లం కొన్ని నీళ్ళలో ఒకేసారి పోశాను. చూస్తుండగానే నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి.

సారు తడి తువ్వాలుతో వచ్చి చూశారు. ఆ డబ్బా ఎత్తి పెరటి గోడకు కొట్టారు. నీళ్ళు నా ముఖం మీద పడ్డాయి.

"మనిషి నెత్తురు ఇట్ల విరిగితే బతుకుతాడా? సున్నం అంతా ఒకేసారి గడ్డకట్టింది చూడు! ఏది ముందు, ఏది వెనక, అదే శాస్త్రమంతా. తొందరుంటే పోయి మిరపకాయలు దంచుకో!"

నేను ఏడ్చాను. ఆయన క్షమాపణ చెప్పలేదు. కొత్త పొట్లాలు కట్టి, రెండోసారి నా చేతనే వేయించారు, ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి. నీళ్ళు చివరిదాకా తేటగా ఉన్నాయి. "అదీ," అన్నారు. ఆయన దగ్గర అంతకంటే మెచ్చుకోలు ఉండదని మీకు తెలుసు.

రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో ఆ నీళ్ళు సమంగా పోశాం. ఒకదాంట్లో డాక్టరు గుళికలు. రెండోదాంట్లో తమ్ముని డబ్బాలోని పెంకులు. నీ లెక్క తగ్గకుండా తిరిగి ఇస్తానని ఒట్టు పెట్టి సారు వాటిని తెచ్చారు. ఒంటి వేడి ముప్పై ఏడు డిగ్రీలు ఉండాలి. అది ఏప్రిల్ నెల. "వేరే ఊర్లో అయితే వేడిచేసే పెట్టె కొనాల. ప్రొద్దుటూరులో తడిగుడ్డ కట్టి చల్లార్చాల. మన కర్మ," అని సారు నవ్వారు.

పొద్దున ఆరుకు, సాయంత్రం ఆరుకు, నీళ్ళు పులుపో చౌడో రంగు మారి చూపే కాగితం ముంచి, రంగు పక్కన అంకె రాసేదాన్ని. పెంకుల డబ్బాలో కాగితం మొదటిరోజు ఏ ఆకుపచ్చగా ఉందో పదోరోజూ అదే ఆకుపచ్చ. గుళికల డబ్బాలో మొదటి సాయంత్రానికే రంగు ముదిరింది, మూడోరోజుకు నీలానికి తిరిగింది.

"గుళికల్లోని సోడా బయటికి దిగుతాంది. చుట్టూ నీళ్ళు చౌడెక్కుతాండాయి," అన్నారు సారు. "చౌడునేలలో గడ్డి మొలుస్తుందా? ఎముక గుంతలోనూ అంతే. చీము పట్టించే పురుగు ఆ చౌడులో బతకదు. ముందు దాన్ని చంపుతుంది. ఆ తర్వాతే కట్టడం మొదలుపెడుతుంది."

ఏడోరోజుకు గుళికల మెరుపు పోయింది. మీద తెల్లటి పొర పట్టి, ఒకదానికొకటి అంటుకున్నాయి. నీళ్ళలోని సున్నం, భాస్వరం వచ్చి ఆ కరుగుతున్న గాజు మీద చేరుతున్నాయని, మన ఎముక కూడా ఆ రెండింటితో కట్టిందేనని చెప్పారు. అందుకే ఎముక దాన్ని పరాయిదనుకోదట.

పదకొండోరోజు అమ్మా నేనూ తమ్ముణ్ణి ఆటోలో తీసుకొచ్చాం. చంకకర్రల మీద వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. సారు రెండో డబ్బాలోంచి ఒక పెంకు తీసి వాడి చేతిలో పెట్టారు. వాడు అంచు మీద వేలు రాశాడు. నెత్తురు వచ్చింది. మొదటి డబ్బాలోంచి ఒక గుళిక తీసి పెట్టారు. గోటితో నొక్కితే పైపొర సుద్దలా రాలింది.

"ఇది గాజేనా సార్? మాయ చేస్తా లేవు కదా?"

"గాజే రా. ఇసుక తగ్గించి, సున్నం, సోడా పెంచి, భాస్వరం కలిపి కాచినారు. నీ డబ్బాలోది సోడాబుడ్డి గాజు. మొండిది. నూరేళ్ళు ఒంట్లో పెట్టుకున్నా అదట్లనే ఉంటుంది."

తమ్ముడు తన డబ్బా వైపు చూశాడు. "పెట్టించుకుంటా. కాలు రావాల. కాలొచ్చినాక నా సామాను నేను తీసుకుంటా. అంతవరకు నీ దగ్గరే పెట్టు."

మా అమ్మ లేచి బయటికి పోయింది. సారు గడ్డ నొక్కుకుంటూ ఉండిపోయారు.

ఆపరేషన్ జరిగింది. రెండో నెలకు చీము ఆగింది. ఎక్స్‌రేలో ఎముక గుంత నిండా రవ్వ చల్లినట్టు గుళికలు కనపడేవి. తీయించిన ప్రతిసారీ ఆ రవ్వ అంచులు కొంచెం చెరిగేవి, ఎముక నీడ కొంచెం చిక్కబడేది. ఆ ఎక్స్‌రేలు చూసి సంతోషపడాలో భయపడాలో నాకు తెలిసేది కాదు. పదో నెలలో తమ్ముడు చంకకర్రలు పారేశాడు.

పదకొండో నెలలో ఒక మధ్యాహ్నం సారు ఇంట్లో నేను మజ్జిగ ఇస్తుండగా వచ్చాడు. చేతిలో తువ్వాలు చుట్టిన వేటకొడవలి.

"డబ్బా ఇయ్యి సార్."

సారు లేచి వీధి తలుపు కాలితో తన్ని మూసి, దానికి ఆనుకుని నిలబడ్డారు.

"జరుగు. ముసలోనివి, నీ జోలి నాకొద్దు."

"నువ్వు నిలబడిన కాలు నేను పెట్టించింది రా నా కొడకా. ఆ కాలితో యాడికి పోతాండావో నాకు చెప్పి పో."

తమ్ముడు రెండు చేతులతో పక్కకు తోశాడు. సారు కింద పడి, తల గడపకు కొట్టుకుంది. కనుబొమ మీద చీలి, నెత్తురు కంట్లోకి, అక్కడి నుంచి చొక్కా మీదికి కారింది. నేను అప్పడాల కర్ర తీసుకుని తమ్ముణ్ణి కొట్టాను. భుజం మీద, వీపు మీద, మెడ మీద. ఎన్ని దెబ్బలో తెలియదు. నా జీవితంలో లెక్క తెలియని పని అదొక్కటే. వాడు అడ్డం పెట్టుకోలేదు.

కింద పడిన సారు నవ్వుతున్నారు.

"చూసినావా అమ్మా? తోసేటప్పుడు బరువంతా ఆ కాలి మీదే వేసినాడు. కాలు చెక్కుచెదరలే. రాసుకో."

తర్వాత ఎడమ చెయ్యి చాపారు. "ఒరే, ఈడ నొక్కు."

తమ్ముడు కదలలేదు.

"నొక్కురా!"

తమ్ముడు వంగి ఆ గడ్డ మీద వేలు పెట్టి నొక్కాడు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఏంది సార్ ఇది? లోపల పొడుస్తాంది."

"గాజు. నలభై నాలుగేళ్ళది. నేను దంచిందే."

ఆ తర్వాత ఆయన చెప్పింది, ఆయన చెప్పిన వరసలోనే రాస్తున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు ఊరికి పోతే, వాళ్ళ చిన్నాయన "నువ్వు కెమిస్ట్రీ కదరా" అని గడ్డివాము వెనక నాటుబాంబులు కట్టే పాకలో కూర్చోబెట్టాడు. సోడాబుడ్లు రోట్లో వేసి దంచడం ఈయన పని. నాలుగు రోజులు దంచారు. ఐదోరోజు ఒక బాంబు ఆయన చేతిలోనే పేలింది. రెండు వేళ్ళు పోయాయి. మిగిలిన బాంబులు చిన్నాయన మనుషులు తీసుకుపోయి పక్క ఊర్లో వేశారు.

"ఎవరికి తగిలిందో నేను అడగలే. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. పన్నెండేళ్ళయినాక జమ్మలమడుగు బస్సు ఎక్కినా. సీటు లేదు. ఒకామె కూర్చుని ఉంది. ముఖం ఒక పక్కంతా గీతలు, ఆ పక్క కన్ను లేదు. ఆ బాంబులు వేసిన ఊరి టికెట్టే తీసుకుంది. కన్ను ఎట్ల పోయిందని ఎవరో అడిగితే, బాంబులో గాజు అనింది. నా చెయ్యి చూసి లేచింది. 'చెయ్యి బాగలేనట్టుంది, నువ్వు కూర్చో నాయనా,' అనింది."

"కూర్చున్నావా సార్?" తమ్ముడు అడిగాడు.

"కూర్చున్నా. వద్దనడానికి నోరు రాలే. ఊరొచ్చేవరకు ఆమె నిలబడింది, నేను కూర్చున్నా. డాక్టర్లు ఈ పెంకు తీస్తామన్నారు. నేనే వద్దన్నా. ఆమెకు లోపలుండేది ఎవరు తీస్తారు?" కంట్లోని నెత్తురు తుడుచుకున్నారు. "డబ్బా ఆ అలమరలో ఉంది. తీసుకుంటావో లేదో నీ ఇష్టం. ఇరవై మూడు వాని ఒంట్లో దించుతావు. ఇరవై నాలుగోది నీ చేతిలో ఉండిపోతుంది. అది కరిగే రకం కాదు."

తలుపు దగ్గర నుంచి ఆయనే పక్కకు జరిగారు.

తమ్ముడు కొడవలికి చుట్టిన తువ్వాలు విప్పి, చించి, సారు తలకు కట్టు కట్టాడు. అలమర వైపు పోలేదు. వెళ్ళేటప్పుడు కొడవలి అక్కడే వదిలితే సారు అరిచారు. "నాకెందుకు ఇది? తీసుకొనిపో, అరటి గెలలన్నా కోసుకో!"

ఆ ఏడే వాడు పులివెందులలో అరటితోట గుత్తకు తీసుకుని మా అమ్మను కూడా తీసుకుపోయాడు. గెలలు ఆ కొడవలితోనే కోస్తాడు. పెదనాన్న కొడుకును క్షమించాడని నేను రాయను. పెళ్ళిళ్ళలో ఎదురైతే ఇప్పటికీ పిడికిలి బిగిస్తాడు, ముఖం తిప్పుకుంటాడు. అంతవరకే. ఆ కాలు ఎక్స్‌రే ఈ ఏడాది తీయిస్తే గుళికలు ఏవో, ఎముక ఏదో డాక్టరే చూపలేకపోయాడు.

సారును ప్రొద్దుటూరుకు తెచ్చి పెన్న ఒడ్డున కాల్చాం. పిల్లలు లేరు కాబట్టి తలకొరివి తమ్ముడే పెట్టాడు. పాడె ముందు కొమ్ము వాడి భుజం మీదే ఉంది. ఇసుకలో అంత దూరమూ వాడు ఎక్కడా భుజం మార్చుకోలేదు.

మూడోరోజు పొద్దున ఎముకలు ఏరడానికి పోయాం. నీళ్ళు, పాలు చల్లి, కాళ్ళ వైపు నుంచి తలవైపుకు తమ్ముడు ఒక్కొక్కటే ఏరి కుండలో వేస్తున్నాడు. ఎడమపక్క, చెయ్యి ఉండవలసిన చోట బూడిదలో వేళ్ళు ఆగాయి. ఏదో తీసి, ఊది, నా అరచేతిలో పెట్టాడు. ఆకుపచ్చ గాజుపూస. కందిగింజంత. కట్టెల మంటకు అంచులన్నీ కరిగి గుండ్రమైపోయింది.

"దీన్ని కుండలో వేయాల్నా అక్కా?"

నాకు తెలియలేదు. కొంగున ముడివేసుకున్నాను.

ఇంటికి వచ్చి, మేకు మీది తాళంచెవి తీసి, సారు ఇల్లు తెరిచి, అలమరలోంచి ఆ డబ్బా తెచ్చాను. మూత తీసి పెంకులు లెక్కపెట్టాను. ఇరవై మూడు. పూస వాటి మీద వేసి మూత పెట్టాను. ఇప్పుడది మా వంటింట్లో ఉప్పు జాడీ పక్కన ఉంది. తుడిచేటప్పుడు డబ్బా కొంచెం వంగుతుంది. పెంకులు ఒకదాన్నొకటి గీసుకుంటూ అక్కడక్కడే ఆగిపోతాయి. పూస ఒక్కటే వాటి మధ్య నుంచి ఈ మూల నుంచి ఆ మూలకు దొర్లిపోతుంది.